చెల్లిని మెడికల్ కోడింగ్‌లో చేర్పించాలా? ఏఐ వచ్చాక ఆ పని మిగులుతుందా?

తెనాలి_కుర్రాడు
మా చెల్లి ఈ ఏడాది బీఫార్మసీ పూర్తి చేసింది. మార్కులు బాగానే వచ్చాయి. ఎంఫార్మసీ వద్దంటోంది, త్వరగా ఉద్యోగంలో చేరాలని పట్టుదల. అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ కోర్సు చూసి వచ్చాం. మూడు నెలలు, ఫీజు 45 వేలు, కోడర్‌గా సర్టిఫికెట్ ఇచ్చే సీపీసీ పరీక్షకు కట్టేది విడిగా. హాస్టలూ తిండీ కలుపుకుంటే లక్ష దాటిపోతుంది. నాన్న ఈసారి మినుములు అమ్మిన డబ్బు దీనికోసం పక్కన పెట్టారు. ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. మా వీధిలోనే ఒకబ్బాయి నాలుగేళ్ళు ఈ పని చేసి పోయిన నెల ఇంటికొచ్చేశాడు. వాడేమో "ఇప్పుడు మిషనే కోడ్లు వేసేస్తోంది, చెల్లిని పంపకు" అంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి? ఈ పనిలో ఉన్నవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి. ఆదివారం లోపు నాన్నకి ఏదో ఒకటి చెప్పాలి.

బోయిన్‌పల్లి_బాలు
ఏఐ వచ్చి అన్నీ ఊడ్చేస్తుందని మూడేళ్ళుగా వింటున్నా. మా ఆఫీసులో ఇంకా ఎక్సెల్ షీట్లే తిరుగుతున్నాయి. పంపించు తమ్ముడూ, ఏం కాదు.

ఆడిటర్_అక్క
బాలూ, నువ్వు ఈ పనిలో లేవు కాబట్టి అంత తేలిగ్గా అనేశావు. నేను 11 ఏళ్ళుగా ఇందులోనే ఉన్నా, ఇప్పుడు ఆడిటర్‌ని, అంటే వేసిన కోడ్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూస్తా.

తెలియనివాళ్ళ కోసం ముందు పనేంటో చెప్తా. అమెరికాలో ఒకాయన దగ్గుతో ఆసుపత్రికి వెళ్తాడు, ఛాతీ ఎక్స్‌రే తీస్తారు, డాక్టరు రిపోర్టు రాస్తాడు. ఆ రిపోర్టు మన దగ్గరికొస్తుంది. అది చదివి, తీసిన ఎక్స్‌రేకి 71046 అని ఒక కోడు, జబ్బుకి ఇంకో కోడు వేస్తాం. ఇన్సూరెన్స్ కంపెనీ ఆ కోడ్లు చూసి ఆసుపత్రికి డబ్బిస్తుంది. 2015 అక్టోబర్‌లో అమెరికా ఐసీడీ-10 అనే కొత్త జబ్బుల కోడ్ల జాబితాకి మారింది. అప్పటిదాకా దాదాపు 14 వేలున్న జబ్బుల కోడ్లు ఒక్కసారిగా 70 వేలకు దగ్గరయ్యాయి. అన్ని కోడ్లు పట్టుకోవడానికి మనుషులు కావాలి కదా, ఆ ఊపులోనే నాలాంటి బీఫార్మసీ, మైక్రోబయాలజీ, ఫిజియోథెరపీ వాళ్ళందరం గుంపులు గుంపులుగా చేరాం.

నేను మొదలుపెట్టింది రేడియాలజీలో. అప్పట్లో మా టీమ్ 64 మంది. ఇప్పుడు అదే క్లయింట్‌కి, అప్పటికన్నా ఎక్కువ రిపోర్టులకి, 19 మంది. ఎక్స్‌రే, స్కాన్ రిపోర్టులు ఒకే మూసలో ఉంటాయి, నాలుగైదు లైన్లు, అందుకే మిషన్ ముందు వాటి మీదే పడింది. సర్జరీ, ఇన్‌పేషెంట్ లాంటివి వేరు. ఒక్కో ఫైలు 200 పేజీలుంటుంది, అక్కడ ఇంకా మనుషులే. కానీ ఫ్రెషర్‌ని నేరుగా సర్జరీలో ఎవరూ కూర్చోబెట్టరు. రేడియాలజీలో ఏడాదో రెండేళ్ళో చేసి చెయ్యి తిరిగాకే అటు పంపేవాళ్ళు. మీ చెల్లికి కష్టం అక్కడొస్తుంది. మేడ బాగానే ఉంది, ఎక్కడానికి కింది మెట్టే లేదు.

పసుపు_కుంకుమ
అక్కా, మరి మిషన్ వేసిన కోడ్లు కరెక్టుగానే ఉంటున్నాయా?

ఆడిటర్_అక్క
చాలావరకు ఉంటున్నాయి, కాదంటే అబద్ధం అవుతుంది. తప్పు చేసినప్పుడు మాత్రం ఒకే తప్పు వందసార్లు చేస్తుంది. మొన్న నా కంటపడింది చెప్తా. "దగ్గు. న్యుమోనియా అయ్యుండవచ్చు, రూల్ ఔట్ చేయాలి" అని రిపోర్టు. రూల్ ఔట్ అంటే ఆ జబ్బు లేదని తేల్చుకోవడం. ఔట్‌పేషెంట్ కేసులో "అయ్యుండవచ్చు", "అనుమానం" అని రాస్తే ఆ జబ్బు కోడు వెయ్యకూడదు, లక్షణం కోడే వెయ్యాలి. అంటే దగ్గుకి ఆర్05.9. మిషన్ న్యుమోనియా అనే మాట చూసి జె18.9 వేసేసింది. లేని జబ్బు ఆ మనిషి రికార్డులోకి ఎక్కిపోయింది. వెనక్కి వెళ్ళి చూస్తే ఆ వారంలో అలాంటివి ఇంకా 130 చిల్లర.

కొత్తకోడర్_2024
నేను చెల్లి చేరదామనుకుంటున్న చోటికే 2024లో వచ్చా కాబట్టి నా సంగతి చెప్తా. మా బ్యాచ్‌లో 40 మందిని తీసుకున్నారు, ఇప్పుడు 12 మందిమి ఉన్నాం. మేం కోడింగ్ చెయ్యం, "వాలిడేషన్" చేస్తాం. మిషన్ ముందే కోడ్లు వేసి పెడుతుంది. దానికి నమ్మకం ఉన్నవి ఆకుపచ్చగా ఉంటాయి, అవి మా దగ్గరికి రాకుండానే వెళ్ళిపోతాయి. పసుపు రంగులో ఉన్నవి మాకొస్తాయి. చేరినప్పుడు గంటకి 25 రిపోర్టులు టార్గెట్, ఇప్పుడు 60. జీతం మాత్రం 16,500 దగ్గరే ఉంది. గంటకి 60 అంటే ఒక్కోదానికి నిమిషం. చదవడం అయ్యే పని కాదు, కళ్ళు పరిగెత్తించడమే. రాత్రి రూమ్‌కి వెళ్ళి కళ్ళు మూసుకున్నా పసుపు గీతలే కనిపిస్తుంటాయి.

ఇంకో బాధ ఏంటంటే తేలికవి మా దగ్గరికి రావడం లేదు. అన్నీ చిక్కు కేసులే. తేలికవి వెయ్యి చేశాక కదా చిక్కువి అర్థమయ్యేది? అక్క చెప్పిన ఆ "రూల్ ఔట్" తప్పు నేనూ పట్టుకోలేకపోయేవాణ్ణి. నిజంగా.

అమీర్‌పేట_మాస్టారు
నేను ఇదే కోర్సు చెప్తాను కాబట్టి నా మాటని అనుమానంగానే చూస్తారని తెలుసు. అయినా చెప్తాను. సీపీసీ 100 ప్రశ్నల పరీక్ష, 4 గంటలు, 70 శాతం రావాలి. అది పాసైనవాళ్ళకి ఉద్యోగాలు ఇప్పటికీ వస్తున్నాయి. ఇంతకుముందు రెండు నెలల్లో వచ్చేది ఇప్పుడు ఆరు నెలలు పడుతోంది. బ్యాచ్‌లూ పలచబడ్డాయి, దాచను. కానీ "అంతా అయిపోయింది" అని పిల్లల్ని భయపెట్టడం సరికాదు. ఇంజనీరింగ్ పిల్లల్లాగా వీళ్ళకి పది దారులు లేవు. బీఫార్మసీ చేసి మెడికల్ షాపులో 10 వేలకు నిలబడే అమ్మాయికి ఇది మంచి దారే.

కొత్తకోడర్_2024
మాస్టారూ, మీమీద కోపం లేదు, మీరు కష్టపడి చెప్పినవే నాకు అన్నం పెడుతున్నాయి. కానీ "గ్యారంటీ" అనే మాట బోర్డు మీంచి తీసెయ్యండి. ఆ మాట చూసే మా అమ్మ గాజులు తాకట్టు పెట్టింది.

అమీర్‌పేట_మాస్టారు
మా బోర్డు మీద ఆ మాట లేదు బాబూ. పక్క బోర్డుల సంగతి నా చేతుల్లో లేదు. కానీ నీ మాట నాకు తగిలింది.

నల్లరేగడి
ఇదంతా చదువుతుంటే మా ఊళ్ళో వరికోత మిషన్ దిగిన ఏడాది గుర్తొచ్చింది. మాది మిర్యాలగూడ దగ్గర. కోతలంటే అంతకుముందు 20 రోజుల పని, ఆడవాళ్ళంతా ముఠాలు కట్టుకుని వచ్చేవాళ్ళు. మిషన్ వచ్చాక ఎకరం గంట లోపే అయిపోయింది. రైతుకి మిగిలింది, మా నాన్నకీ మిగిలింది, కాదనను. కానీ కోత కూలి పోయింది, కళ్ళంలో ఏరుకునే పరిగె పోయింది, మిషన్ కోసిన గడ్డి పశువులు సరిగ్గా తినక పాడీ తగ్గింది. కూలికి వచ్చేవాళ్ళలో కొందరు పత్తి ఏరడానికి మళ్ళారు, కొందరు హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లకి వాచ్‌మెన్‌లుగా పోయారు. మిగిలినవాళ్ళకి ఉపాధి హామీ పనే దిక్కయింది. 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన పథకం అది. అదే లేకపోతే వాళ్ళ గతేంటో.

డిగ్రీ చదివి రోడ్డు మీద పడ్డ పిల్లలకి అలాంటిదేముంది? నాకు అర్థం కానిది అదే.

బోయిన్‌పల్లి_బాలు
కానీ కోత మిషన్ వచ్చాక డ్రైవర్లు, మెకానిక్‌లు, స్పేర్ పార్ట్స్ షాపులు రాలేదా అన్నా? ఇదీ అంతే. కొత్త పనులు పుడతాయి.

నల్లరేగడి
వచ్చాయి. మా మండలంలో మిషన్ల మీద బతికేవాళ్ళు ఓ 50 మంది ఉంటారేమో. అందులో కోత కోసిన ఆడమనిషి ఒక్కతి లేదు. పనులు పుడతాయి బాలూ, పోగొట్టుకున్నవాళ్ళకే పుడతాయని లేదు.

డాలర్_రేటు
ఒక్క మాట. ప్రతిదీ ఏఐ ఖాతాలో వెయ్యకండి. 2021లో కరోనా టైమ్‌లో కంపెనీలు అవసరానికి మించి తీసుకున్నాయి. 2022 మార్చి నుంచి అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ వడ్డీ పెంచుకుంటూ పోయి 2023 జూలైకి 5.25-5.5 శాతం చేసింది, క్లయింట్లు ఖర్చులు బిగించేశారు. 2023-24లో టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో మూడింటిలో కలిపి దాదాపు 64 వేల మంది తగ్గారు. చాట్‌జీపీటీ వచ్చింది 2022 నవంబర్ చివర్లో. ఏడాదిన్నరలోపే అది 64 వేల ఉద్యోగాలు మింగిందంటే నేను నమ్మను. 2025 జూలైలో టీసీఎస్ 12 వేల పైచిలుకు మందిని, అంటే 2 శాతం మందిని, తీసేస్తామన్నప్పుడు కూడా దాని సీఈఓ చెప్పింది నైపుణ్యాలు సరిపోలకపోవడం గురించే, ఏఐ వల్ల కాదన్నారు.

రాత్రిషిఫ్ట్
సీఈఓలు చెప్పేవన్నీ నిజాలైతే మనకీ చర్చ ఎందుకు?

డాలర్_రేటు
రెండువైపులా అదే లెక్క బ్రో. ఏఐ వల్ల తీసేశాం అని గొప్పగా చెప్పుకున్నవాళ్ళ మాటా నమ్మకూడదు మరి. క్లార్నా అని స్వీడన్ కంపెనీ 2024 ఫిబ్రవరిలో మా ఏఐ 700 మంది కస్టమర్ సర్వీస్ ఏజెంట్ల పని చేస్తోందని ప్రకటించింది. 2025కల్లా నాణ్యత తగ్గిందని ఒప్పుకుని మళ్ళీ మనుషుల్ని తీసుకోవడం మొదలెట్టింది.

ఎకనామిక్స్_లెక్చరర్
డాలర్_రేటు గారు చెప్పిన వడ్డీల కారణం నిజం. ఆడిటర్ గారు చెప్పిన కింది మెట్టు సంగతీ నిజమే. రెండూ ఒకేసారి జరుగుతుండటం వల్ల విడదీయడం కష్టంగా ఉంది. నేను క్లాసులో చెప్పేది ఇక్కడ కొంచెం రాస్తా, ఓపిగ్గా చదవండి.

ఎరిక్ బ్రిన్‌యోల్ఫ్‌సన్ అనే ఆర్థికవేత్త మరో ఇద్దరితో కలిసి 5 వేల పైచిలుకు కస్టమర్ సపోర్ట్ ఉద్యోగుల్ని పరిశీలించి 2023లో ఒక పేపర్ తెచ్చారు. ఏఐ సాయం ఇస్తే గంటకి పరిష్కరించే సమస్యలు సగటున 14 శాతం పెరిగాయి. కొత్తవాళ్ళలో 34 శాతం పెరిగాయి, బాగా అనుభవం ఉన్నవాళ్ళకి పెద్దగా తేడా లేదు. ఎందుకంటే ఆ ఏఐ పాఠం నేర్చుకున్నదే ఆ అనుభవం ఉన్నవాళ్ళ సంభాషణల నుంచి. అది చదివి చాలామంది సంబరపడ్డారు, కొత్తవాళ్ళకి ఇది వరమని. నేనూ అనుకున్నాను.

2025 ఆగస్టులో అదే బ్రిన్‌యోల్ఫ్‌సన్ స్టాన్‌ఫర్డ్ సహచరులతో అమెరికా జీతాల రికార్డులు తీసి చూశారు. ఏఐ ఎక్కువగా తగిలే ఉద్యోగాల్లో 22-25 ఏళ్ళ వాళ్ళ ఉపాధి మిగతావాళ్ళతో పోలిస్తే 13 శాతం తగ్గింది. అదే ఉద్యోగాల్లో పెద్దవయసు వాళ్ళది తగ్గలేదు.

రెండిటికీ వైరుధ్యం ఉన్నట్టు అనిపిస్తుంది కానీ లేదు. లోపల ఉన్న కొత్తవాడికి ఏఐ చేయూత. వాడు రెట్టింపు పని చేస్తాడు కాబట్టి బయట నిలబడ్డ కొత్తవాణ్ణి పిలవరు. కొత్తకోడర్ 25 నుంచి 60కి వెళ్ళడం, 40 మందిలో 12 మంది మిగలడం, రెండూ ఒకే లెక్కలో రెండు వైపులు. మధ్యలో జీతం మాత్రం కదల్లేదు చూశారా, నన్ను ఎక్కువ కలవరపెట్టేది అదే. పని పెరిగితే ఫలం ఎక్కడికో పోవాలి కదా.

రాత్రిషిఫ్ట్
ఎక్కడికి పోయిందో నేను చెప్తా, బిల్లింగ్ ప్రాజెక్టులు చూశా కాబట్టి. ఇంతకుముందు తలకి ఇంత అని క్లయింట్ కట్టేవాడు. తర్వాత చార్టుకి, అంటే రోగి ఫైలుకి, ఇంత అన్నాడు. ఇప్పుడు కాంట్రాక్టు రెన్యువల్‌కి కూర్చోగానే "మీరు ఏఐ వాడుతున్నారుగా, రేటు 30 శాతం తగ్గించండి" అంటున్నాడు. తగ్గించకపోతే పక్క కంపెనీ తగ్గిస్తుంది. మిగిలినదాంట్లోంచి సాఫ్ట్‌వేర్ లైసెన్సుకి కట్టాలి. ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఎక్కడుంది, అమెరికాలో. అంటే అక్కడి నుంచి జీతాలుగా హైదరాబాద్ వచ్చే డబ్బులో కొంత ఇప్పుడు విమానం ఎక్కకుండా అక్కడే ఆగిపోతోంది.

ఎస్సార్‌నగర్_హాస్టల్_ఆంటీ
ఆ ఆగిపోయిన డబ్బు నాకు తెలుసు బాబూ. నేను 14 ఏళ్ళుగా లేడీస్ హాస్టల్ నడుపుతున్నా. 62 బెడ్లు. ఒకప్పుడు జూన్‌లో చోటు లేదని అమ్మాయిల్ని వెనక్కి పంపేదాన్ని, హాల్లో పరుపు వేసుకుంటామని బతిమాలేవాళ్ళు. ఇప్పుడు 38 మంది ఉన్నారు. కొందరు మాదాపూర్ వైపు వెళ్ళిపోయారు, కొందరు ఇంటి దగ్గరే ఆన్‌లైన్ క్లాసులు వింటున్నారు. అన్నీ ఏఐ వల్లే అని నేను అనను, నాకు తెలీదు కూడా. కానీ ఉద్యోగం వచ్చాక కూడా ఇక్కడే ఉండే పిల్లలు తగ్గారు, అది మాత్రం కళ్ళారా చూస్తున్నా. మొదటి జీతం రాగానే స్వీట్ డబ్బా తెచ్చేవాళ్ళు. వంటమనిషిని ఒకామెని మాన్పించాల్సి వచ్చింది. ఆమెకి కంప్యూటర్ అంటే ఏంటో కూడా తెలీదు.

తెనాలి_కుర్రాడు, నీ చెల్లి వస్తే మా హాస్టల్‌కి రమ్మని చెప్పను. ముందు ఈ చర్చ మొత్తం ఆమెతో చదివించు.

పసుపు_కుంకుమ
ఆంటీ 🙏

ఫ్లెక్సీ_శీను
నాది వేరే పని అయినా ఒకటే కథ. నరసరావుపేటలో ఫ్లెక్సీ డిజైన్. పుట్టినరోజు, ఓణీల ఫంక్షన్, లీడర్ల స్వాగతాలు. డిజైన్‌కి 300, ప్రింట్‌కి అడుగు లెక్క విడిగా. ఇప్పుడు ఫోన్‌లో బొమ్మ చేయించుకుని వస్తున్నారు, సింహం మీద లీడరు, వెనకాల మెరుపులు, బ్రహ్మాండంగా ఉంటుంది. తెలుగు అక్షరాలు మాత్రం ఘోరం. మొన్న ఒకాయన తెచ్చినదాంట్లో "శుభాకాంక్షలు"లో క్ష ఉండాల్సిన చోట అక్షరం కాని అక్షరం ఏదో ఉంది, దీర్ఘం గాల్లో తేలుతోంది. ఆ ఒక్క మాట చెరిపి అను ఫాంట్‌లో మళ్ళీ కొట్టడానికి 40 నిమిషాలు పట్టింది, వెనకాల మెరుపులు పోకుండా చెరపాలిగా. డిజైన్ డబ్బులు అడిగితే "డిజైన్ నేనే తెచ్చాగా" అన్నాడు.

నా దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు నేర్చుకునేవాళ్ళు. ఇప్పుడు ఎవరూ లేరు. నేర్పడానికి పని ఉండాలి కదా.

బోయిన్‌పల్లి_బాలు
శీనన్నా, ఇకనుంచి "అక్షర దోషాల సవరణ 200" అని బోర్డు పెట్టు. నిజంగా అంటున్నా, అది కూడా పనే.

ఫ్లెక్సీ_శీను
పెడతా తమ్ముడూ. మంచి మాట చెప్పావు.

వాల్తేరు_వాసి
మా విశాఖకి గూగుల్ వస్తోందిగా, 2025 అక్టోబర్‌లో ప్రకటించారు, 5 ఏళ్ళలో 15 బిలియన్ డాలర్ల ఏఐ హబ్, గిగావాట్ స్థాయి డేటా సెంటర్. పోయేవి పోతే వచ్చేవీ వస్తాయి. అందరూ ఏడుపే ఎందుకు?

రాత్రిషిఫ్ట్
రావడం మంచిదే. కానీ డేటా సెంటర్ కట్టేటప్పుడు వేలమందికి పని ఉంటుంది, కట్టాక నడపడానికి కావాల్సింది కరెంటోళ్ళు, కూలింగ్ చూసేవాళ్ళు, సెక్యూరిటీ, కొద్దిమంది ఇంజనీర్లు. బీఫార్మసీ అమ్మాయికి అందులో పనేముంది?

వాల్తేరు_వాసి
నేరుగా లేకపోవచ్చు. సముద్రం కింది ఇంటర్నెట్ కేబుల్ దిగితే, కరెంటు లైన్లు వస్తే, చుట్టూ వేరే కంపెనీలు వస్తాయి. ఒకప్పుడు స్టీల్ ప్లాంట్ వచ్చాక గాజువాక ఎలా పెరిగిందో మా తాత చెప్పేవాడు.

ఎకనామిక్స్_లెక్చరర్
స్టీల్ ప్లాంట్‌తో పోలిక జాగ్రత్తగా వాడాలి. అక్కడ ఒక్కో గేటు దగ్గర షిఫ్టుకి వేలమంది లోపలికి వెళ్ళేవాళ్ళు, ఆ జీతాలే గాజువాకని నిలబెట్టాయి. డేటా సెంటర్‌లో పెట్టుబడి ఎక్కువ, మనుషులు తక్కువ. దాని లాభం రాష్ట్రానికి దక్కాలంటే పన్నుల రూపంలోనో, కరెంటు ధర రూపంలోనో, ఇక్కడి కాలేజీలకీ ఆసుపత్రులకీ కంప్యూటింగ్ చవగ్గా దొరకడం రూపంలోనో దక్కాలి. ఒప్పందాల్లో అవి రాసుకున్నామా అని అడగాలి. నీళ్ళు ఎంత, కరెంటు ఎంత, దేనికి రాయితీ ఇచ్చాం అని కూడా.

డాలస్_పద్మజ
నేను ఈ గొలుసుకి అటు చివర ఉన్నా. డాలస్‌లో ఒక ఆసుపత్రి బిల్లింగ్ విభాగంలో పని. మీరు వేసిన కోడ్లు నా టేబుల్ మీదికే వస్తాయి. ఇక్కడ జరుగుతున్నది చెప్తా.

మా వైపు ఏఐ కోడ్లు వేసి క్లెయిమ్ పంపుతుంది. ఇన్సూరెన్స్ వైపు ఇంకో ఏఐ దాన్ని తిరస్కరిస్తుంది. మా ఏఐ అప్పీల్ ఉత్తరం రాస్తుంది. అలా రెండు మిషన్లు ఉత్తరాలు రాసుకుంటూ ఉంటే మధ్యలో రోగి ఇంటికి బిల్లు వెళ్తుంది. పోయిన వారం ఒక పెద్దావిడ ఫోన్ చేసి ఏడ్చింది, "నాకు ఎవరో ఒక మనిషి చెప్పండి" అని. గంటంబావు కూర్చుని ఫైలు మొత్తం చూశా. ఒక మాడిఫైయర్, అంటే కోడుకి తగిలించే చిన్న గుర్తు, తప్పు. అంతే. కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి చట్టం ఉంది, వైద్యం అవసరం లేదని తిరస్కరించాలంటే ఏఐ ఒక్కటే నిర్ణయించకూడదు, లైసెన్సున్న డాక్టరో, ఆ వైద్యం తెలిసిన లైసెన్సున్న నిపుణుడో చూడాలి. అన్ని రాష్ట్రాల్లో లేదు.

చెల్లికి పనికొచ్చే మాట ఒకటి. మా ఆసుపత్రి భయపడేది తప్పు కోడ్లకి. ప్రభుత్వ బీమాకి లేని జబ్బు కోడు వేసి డబ్బు తీసుకుంటే ఫాల్స్ క్లెయిమ్స్ యాక్ట్ కింద మూడు రెట్లు కట్టాల్సి రావచ్చు. అంతర్యుద్ధం నాటి చట్టం, 1863ది, ఇప్పటికీ పళ్ళు ఊడలేదు. రేపు కేసు పడితే ఆసుపత్రే జవాబు చెప్పుకోవాలి, మిషన్ వచ్చి చెప్పదు. కాబట్టి ఆడిటింగ్ చేసేవాళ్ళు, డినయల్స్ (తిరస్కరించిన క్లెయిమ్‌లు) చూసేవాళ్ళు ఉంటారు. కోడు ఎందుకు వేశామో వాదించగలిగినవాళ్ళకి పని ఉంది. కోడు టైపు చెయ్యడం మాత్రమే వచ్చినవాళ్ళకి కష్టమే.

ఆడిటర్_అక్క
పద్మజ గారూ, సరిగ్గా చెప్పారు. ఇంకోటి గుర్తొచ్చింది. 2016లో ఏఐ శాస్త్రవేత్త జెఫ్రీ హింటన్ రేడియాలజిస్టులకి శిక్షణ ఇవ్వడం ఆపేయాలి, ఐదేళ్ళలో ఏఐ వాళ్ళని మించిపోతుంది అన్నాడు. ఇప్పటికీ అమెరికాలో రేడియాలజిస్టులు చాలక వెతుక్కుంటున్నారు. ఎక్స్‌రే చదివే డాక్టరు ఉద్యోగం ఉంది. ఆ డాక్టరు రాసిన నాలుగు లైన్లకి కోడు వేసిన మా 45 మంది ఉద్యోగాలు పోయాయి. ఆ 45 మందిలో ఒకమ్మాయి పెళ్ళి ఖర్చులకి ఈఎంఐ మీద లోన్ తీసుకుని ఉంది, తీసేసేవాళ్ళ లిస్టులో పేరు చూసి నా చెయ్యి పట్టుకుంది. నేనేం చెప్పగలను? ఆ లిస్టు తయారు చెయ్యడానికి కావాల్సిన క్వాలిటీ స్కోర్లు ఇచ్చింది నేనే.

కొత్తకోడర్_2024
అక్కా, మీరిచ్చింది నిజమైన స్కోరే కదా. మీ తప్పెలా అవుతుంది.

గుంటూరు_కారం_కాదు
తెనాలి తమ్ముడూ, ఇంత దూరం వచ్చాం కాబట్టి ఒక దారి చెప్తా. నేను గుంటూరులో ఒక ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్క్‌లో పనిచేస్తా. ఆరోగ్య బీమా క్యాష్‌లెస్ ఫైళ్ళు, ప్రభుత్వ వైద్య పథకం ప్రీ-ఆథరైజేషన్లు (వైద్యానికి ముందే తీసుకునే అనుమతులు), డిశ్చార్జ్ సమ్మరీలు, అన్నీ మేమే అప్‌లోడ్ చేస్తాం. బీఫార్మసీ వాళ్ళని తీసుకుంటారు, మందుల పేర్లు తెలుసు కాబట్టి. మొదట్లో 13-14 వేలే ఇస్తారు. కానీ తెనాలి నుంచి రోజూ రైల్లో వచ్చి వెళ్ళొచ్చు, హాస్టల్ ఖర్చు లేదు. రోగి బంధువు ఎదురుగా నిలబడి "ఎందుకు రిజెక్ట్ అయింది" అని అడుగుతాడు, డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి, నోట్ మార్పించాలి. ఏడాది చేస్తే ఫైలు అంటే ఏంటో బాగా ఒంటపడుతుంది. ఆ తర్వాత సీపీసీ రాసుకోవచ్చు, అప్పుడు కోర్సు 45 వేలు పోసి అక్కర్లేదేమో కూడా.

రాత్రిషిఫ్ట్
ఇది మంచి సలహా. ఇంకో మాట, ఎవరైనా "లక్ష కట్టండి, రెండేళ్ళ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ పెట్టి చేర్పిస్తాం" అంటే దగ్గరికి రానివ్వకండి. ఫ్రెషర్లకి తలుపులు మూసుకున్నకొద్దీ ఈ బ్యాక్‌డోర్ గాళ్ళు ఎక్కువవుతున్నారు. మా రూమ్‌మేట్ 80 వేలు పోగొట్టుకున్నాడు, వెరిఫికేషన్‌లో దొరికి పేరు కూడా పాడైంది.

అమీర్‌పేట_మాస్టారు
గుంటూరు ఆయన చెప్పిన దారి నేను ఒప్పుకుంటా. నా ఫీజు పోతుంది, పోనీ. ఆసుపత్రిలో ఏడాది చేసి వచ్చిన పిల్లలు నా క్లాసులో మిగతావాళ్ళకన్నా సగం టైమ్‌లో పట్టుకుంటారు, చాలాసార్లు చూశాను.

డాలర్_రేటు
నేను ఇప్పటికీ సగం వడ్డీలే కారణం అంటా. వడ్డీలు దిగాక ఫ్రెషర్లని మళ్ళీ పిలిస్తే నా మాట నిజం, పిలవకపోతే లెక్చరర్ గారి మాట నిజం.

ఎకనామిక్స్_లెక్చరర్
ఫెడ్ 2024 సెప్టెంబర్ నుంచే తగ్గించడం మొదలుపెట్టిందండీ. ఫ్రెషర్లని పిలిచే ఫోన్లు మోగుతున్నాయేమో కొత్తకోడర్‌ని అడుగుదాం.

కొత్తకోడర్_2024
మా ఫ్లోర్‌లో ఇంకా కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి సార్.

తెనాలి_కుర్రాడు
అందరికీ థాంక్స్. నిన్న రాత్రి చెల్లిని పక్కన కూర్చోబెట్టి మొదటి నుంచి చివరిదాకా చదివించా. హాస్టల్ ఆంటీ మాట దగ్గర ఆగిపోయి కాసేపు ఏం మాట్లాడలేదు. పొద్దున తనే నాన్నకి చెప్పింది, ఇప్పుడు అమీర్‌పేట వద్దు అని. నాన్న డబ్బు బ్యాంకులో వేసేశారు. గుంటూరు అన్న చెప్పిన ఆసుపత్రిలో సోమవారం ఇంటర్వ్యూ ఉంది. కానీ కోడింగ్ వదలనంటోంది. ఆడిటర్ అక్కా, ఇంటి దగ్గర ప్రాక్టీస్ చెయ్యడానికి చార్టులు ఏమైనా ఉంటే పంపగలరా?

ఆడిటర్_అక్క
నిజం చార్టులు ఒక్కటి కూడా పంపలేను, రోగుల రికార్డులు బయటికి వెళ్ళకూడదు. కానీ కొత్తవాళ్ళకి నేర్పడానికి నేను సొంతంగా రాసుకున్న నమూనా రిపోర్టులు 40 ఉన్నాయి. మెసేజ్‌లో పెడతా. జవాబులు అడిగినా ఇవ్వను, ముందు తనే వెయ్యాలి, ఏ లైన్ చూసి ఆ కోడు వేసిందో పక్కన రాయాలి.

తెనాలి_కుర్రాడు
అక్కా, మొదటి పది చేసి పంపింది. ఆరు కరెక్టయ్యాయని మీరు చెప్పినప్పటి నుంచి మిగతా నాలుగు పట్టుకుని కూర్చుంది. అన్నం కూడా టేబుల్ దగ్గరే. రెండు చోట్ల "సస్పెక్టెడ్" అని ఉన్నదానికి జబ్బు కోడే వేసేసిందట.

ఆడిటర్_అక్క
మిషన్ చేసిన తప్పే అది. ఐసీడీ-10 కోడింగ్ నియమాల్లో ఔట్‌పేషెంట్ గైడ్‌లైన్స్ నాలుగో సెక్షన్‌లో ఉంటాయి, అందులో అనుమానపు జబ్బుల గురించి ఉన్న పేరా రెండుసార్లు చదవమను. తర్వాత ఆ నాలుగూ మళ్ళీ పంపమను. ఇవాళ నాది రాత్రి షిఫ్ట్, రెండింటికి బ్రేక్‌లో చూస్తా.